రూమ్మేట్ బంధువులు ఏడు వారాలుగా ఇంట్లోనే.. నాకు నిద్ర కరువైంది!

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. అద్దె ఇంట్లో ఇంకో అమ్మాయితో కలిసి ఉంటున్నాను. చెరో గది, హాలు ఇద్దరిదీ. ఆమె అక్క, బావ ఉద్యోగ ప్రయత్నాలకని వారం రోజులు ఉంటామని వచ్చారు. ఇప్పటికి ఏడు వారాలైంది. హాల్లోనే పడుకుంటారు. రాత్రి ఒంటిగంట దాకా టీవీ, ఫోన్లలో మాటలు. ఉన్నది ఒకటే బాత్రూమ్. నేను ఆరింటికల్లా లేవాలి. నెల రోజులుగా రెండు దాటితే గానీ నిద్ర పట్టడం లేదు. సాయంత్రానికి తలకు గుడ్డ బిగించి కట్టినట్టు నొప్పి వస్తోంది, దాదాపు రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఇంటి తలుపు దగ్గరికి రాగానే గుండె దడ. నాలుగు రోజులుగా మూత్రంలో మంట. నిద్రమాత్ర ఏదైనా చెప్పండి. ఇంటికి వచ్చినవాళ్లను భరించలేకపోవడం నా సంకుచిత బుద్ధేనా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు సమాధానం చెబుతాను. మీది సంకుచిత బుద్ధి కాదమ్మా. నెల రోజులుగా నాలుగు గంటల నిద్రతో పనికి వెళ్లివస్తున్నారు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. అందులో దాదాపు సగమే దొరుకుతుంటే ఎంత మంచి మనిషికైనా చిరాకు, దడ, తలనొప్పి తప్పవు.

మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన మూత్రంలో మంటే నాకు అన్నింటికంటే తొందరగా చూడాల్సిన విషయంగా కనిపిస్తోంది. బాత్రూమ్ ఖాళీ ఉండదని నీళ్లు తగ్గించారా? వచ్చినా ఆపుకుంటున్నారా? నలుగురికి ఒకే బాత్రూమ్ ఉన్న ఇళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు ఈ మాట నేను అడిగితే తప్ప చెప్పరు. మూత్రం ఎక్కువసేపు నిలిచిపోతే బ్యాక్టీరియా పెరగడానికి అదను దొరుకుతుంది. పైగా ఆడవాళ్లలో మూత్రం బయటికి వచ్చే నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి ఇన్ఫెక్షన్ తేలిగ్గా లోపలికి చేరుతుంది. మూత్ర పరీక్ష, కల్చర్ (ఏ బ్యాక్టీరియానో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష) చేయించుకోండి. ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసుకోవద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు మొదలైతే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లిందేమోనని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. నీళ్లు మాత్రం తగ్గించకండి. ఆఫీసు నుంచి బయల్దేరే ముందు తప్పకుండా బాత్రూమ్‌కి వెళ్లిరండి.

తలనొప్పి విషయానికి వస్తే, మీరు చెప్పిన తీరు టెన్షన్ తలనొప్పిని పోలి ఉంది. నిద్రలేమి, మెడ కండరాల బిగింపు దాన్ని పెంచుతాయి. అయితే రోజూ వేసుకుంటున్న ఆ మాత్ర నాకు భయం కలిగిస్తోంది. మామూలు నొప్పి మాత్రలైనా సరే నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతూ మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. మీరు ఆ దారిలోనే నడుస్తున్నారు. అది ఐబూప్రొఫెన్ లాంటిదైతే, నీళ్లు తక్కువ తాగే మనిషిలో కిడ్నీల మీద భారం ఇంకా ఎక్కువ. వారానికి రెండు రోజులకు మించి వేసుకోకండి. ఉన్నట్టుండి భరించలేనంత తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చూపు మసకబారినా, చెయ్యో కాలో బలహీనపడినా ఇంట్లో ఉండిపోవద్దు.

నిద్రమాత్ర రాయడం లేదు, నన్ను తప్పుగా అనుకోకండి. అది హాల్లో టీవీని ఆపదు. కొన్ని వారాలు వాడితే అలవాటుగా మారుతుంది, అతిథులు వెళ్లిపోయినా మాత్ర మీతోనే ఉండిపోతుంది. మీ గదిలో ఒక మార్పు చేయండి. హాలు వాళ్లదైపోయాక తిండి, ల్యాప్‌టాప్, ఫోను అన్నీ మీ మంచం మీదికే చేరి ఉంటాయి కదా? మంచం అంటే మెలకువగా ఉండే చోటని మెదడు నేర్చేసుకుంటుంది. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త 1972లోనే ఈ సంగతి గమనించి చికిత్సగా మలిచాడు. గదిలో ఒక కుర్చీ వేసుకోండి, పనులన్నీ దాని మీదే. నిద్ర ముంచుకొచ్చాకే మంచమెక్కండి. సుమారు ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి మళ్లీ కుర్చీలోకి రండి. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకు లేవండి. చెవుల్లో పెట్టుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్‌లు వాడండి. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చాలి. చాలామంది పైపైన పెట్టి పనిచేయట్లేదంటారు. ఫ్యాన్ చప్పుడు కూడా మాటల్ని కొంత కప్పేస్తుంది. కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపండి.

దడకు ఒకసారి ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకుంటే మనకు నిశ్చింత. అది తలుపు దగ్గరే మొదలవుతోందంటే నా అనుమానం మాత్రం వేరే. ఈ రోజు ఇంట్లో ఎలా ఉంటుందో, ఇది ఎన్నాళ్లు సాగుతుందో మీకు తెలియదు. 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ ఆటలో రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టేలా చిన్న కరెంటు షాక్. షాక్ ఖాయమని తెలిసినప్పటికంటే, వస్తుందో రాదో తేలని సగం సగం పరిస్థితిలోనే ఎక్కువ ఒత్తిడి కనిపించింది. మీ ఏడు వారాలూ అలాగే గడిచాయి. అందుకే మీకు నేను రాసే అసలు మందు ఒక తేదీ.

ఆ తేదీ అడగాల్సింది మీ రూమ్మేట్‌ని. ఆమె అక్కనో బావనో నేరుగా అడిగితే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ఆమె వాళ్లవైపు నిలబడాల్సి వస్తుంది. మెసేజ్‌లో వద్దు, అర్ధరాత్రి టీవీ మోగుతున్నప్పుడు అసలే వద్దు. సెలవు రోజున ఇద్దరే బయటికి వెళ్లి, నెమ్మదిగా చెప్పండి: ‘అక్కావాళ్లకి ఉద్యోగాలు రావాలని నాకూ ఉంది. కానీ నెల రోజులుగా నాకు నిద్ర లేదు, డాక్టర్‌కి కూడా చూపించుకుంటున్నాను. ఎప్పటిదాకా ఉంటారో ఒక తేదీ చెప్పగలవా? అప్పటిదాకా రాత్రి పదిన్నర దాటాక టీవీ ఆపేద్దాం, పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా బాత్రూమ్ నాకు వదలండి.’ ‘ఉద్యోగం రాగానే వెళ్తారు’ అని ఆమె అంటే అది తేదీ కాదని మెత్తగానే చెప్పండి. పాపం ఆమె కూడా సొంత అక్కని వెళ్లమనలేక నలుగుతూ ఉండొచ్చు. మీరు అడగడం ఆమెకూ ఒక ఆసరా అవుతుంది.

పీజీ చదివే రోజుల్లో నా గదిలోనూ స్నేహితుడి బంధువు ఒకరు రెండు నెలలు ఉండిపోయారు. నేను నోరు విప్పలేదు. ఒక రాత్రి తువ్వాలు గురించి అరిచేశాను. ఆ స్నేహం మళ్లీ అతుక్కోలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కరెంటు బిల్లు, ఇంటి ఖర్చులు నలుగురికి పంచుకునే మాట కూడా అప్పుడే తేల్చుకోండి. అనుకున్న తేదీ దాటిపోతే అద్దె ఒప్పందం తీసి చదవండి. ఇంట్లో ఎవరు ఉండొచ్చో, అతిథులు ఎన్నాళ్లు ఉండొచ్చో అందులో రాసి ఉండొచ్చు. ఇంటి యజమాని దగ్గరికి వెళ్లడం ఆ తర్వాతి సంగతి. అయితే ఆ ఇంట్లో మీకు ఎప్పుడైనా భయంగా, అభద్రంగా అనిపిస్తే ఈ వరసలేవీ పాటించొద్దు. వెంటనే మీవాళ్లకు చెప్పి అక్కడి నుంచి బయటపడండి.

వాళ్లు వెళ్లాక కూడా కొన్నాళ్లు నిద్ర కుదురుకోకపోవచ్చు, కంగారు పడకండి. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలాగే సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదటి చికిత్స మాత్రలు కాదు, నిద్రలేమి కోసమే రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. అంతదాకా రాకుండా చూసుకుందాం. మూత్ర పరీక్ష మాత్రం రేపు పొద్దున్నే చేయించుకోండి.