నాలుగో వైపు కూడా వెయ్యి తల్లీ

చిరంజీవి తల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. పెరట్లోని ఈత కొలను చుట్టూ కంచెను నువ్వూ అల్లుడుగారూ మీ చేతులతోనే వేసుకోబోతున్నారని చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో! పదేళ్ల వయసులో నా పక్కన కూర్చుని మేకులు అందించిన పిల్లవి నువ్వు. అయితే చివర్లో వాడు ఇంకో మాట అన్నాడు. ఖర్చు కలిసొస్తుందని మూడు వైపులే వేస్తున్నారట, నాలుగో వైపు ఇంటి వెనక గోడ ఎలాగూ ఉందట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నాలుగో వైపు కూడా వెయ్యి తల్లీ. ఆ గోడకు తలుపుంది. బట్టలు ఆరేయడానికి, చెత్త పారేయడానికి, ఊరికే గాలికి నిలబడడానికి ఆ తలుపు రోజుకు ఎన్నిసార్లు తీస్తారో ఒక్కసారి లెక్కపెట్టి చూడు. పాపకు గడియ తీయడం రాకపోవచ్చు. దగ్గరకు వేసి వదిలేసిన తలుపును తోసుకుని వెళ్లడం రెండేళ్ల పిల్లకు బాగా వచ్చు. నీళ్లలో పడిన పసిబిడ్డ కేకలు వేస్తుందని, మనం పరుగెత్తుకెళ్లి తీసుకోవచ్చని అనుకోకు. చాలాసార్లు చప్పుడే ఉండదు. రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఇంటికీ కొలనుకూ మధ్య కంచె లేకపోతే, మిగతా మూడు వైపులా వేసినది పక్కింటి పిల్లలను ఆపుతుందేమో కానీ నీ పిల్లను ఆపదు.

డబ్బు మిగలాలంటే వేరే దారులున్నాయి. కంచెను స్థలం హద్దు వెంట కాకుండా కొలను దగ్గరికి జరుపు. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న కొలనుకు నలువైపులా మీటరున్నర వదిలితే కంచె మొత్తం 36 మీటర్లే అవుతుంది. పెరడంతా చుట్టడం కన్నా ఇది చాలా తక్కువ. చెక్క జోలికి వెళ్లొద్దు. ఏటా రంగు అడుగుతుంది, వానకు ఉబ్బుతుంది. జింకు పూత వేసిన ఇనుప వల తీసుకో. కన్ను 1¼ అంగుళాలకు మించకూడదు, పెద్ద కన్నులో చిన్న కాలివేళ్లు ఇట్టే పట్టు దొరికించుకుంటాయి. కింద నేలకూ వలకూ మధ్య సందు రెండు అంగుళాలు దాటనివ్వకు. తవ్వే ముందు నేలలో నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో కనుక్కో. స్తంభాలు రెండడుగుల లోతున కాంక్రీటులో నిలిపి, నిటారుగా ఉన్నాయో లేదో తూకంగుండు పట్టి చూసుకో. కాంక్రీటుకు వారం రోజులు సమయం ఇవ్వు. మీ ఆయన తొందరపడినా సరే, అది పూర్తిగా గట్టిపడేదాకా గేటు వేలాడదీయనివ్వకు. మీ ఊరి నిబంధనలేమిటో కూడా ముందే అడిగి తెలుసుకో.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇంతవరకు మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను కంచె వేసినప్పుడు మీ అన్నయ్యకు మూడున్నరేళ్లు. నాలుగు వైపులా వేశాను, నాలుగడుగుల పైన ఎత్తు పెట్టాను, నిలువు చెక్కల మధ్య నా పిడికిలి కూడా దూరదు. ఆ చెక్కలను పట్టి ఉంచడానికి అడ్డపట్టీలు మూడు కావాలి. ఈదేవాళ్లకు గీసుకుపోతుందేమోనని కొలను వైపు నున్నగా ఉంచి, ఆ పట్టీలను బయటి వైపు బిగించాను. అడుగున్నరకు ఒకటి చొప్పున వరుసగా. పని పూర్తయ్యాక వెనక్కి నడిచి చూసుకుని మురిసిపోయాను కూడా. నేను కట్టింది నిచ్చెన అని నా కంటికి కనబడలేదు.

పది రోజులు కూడా కాలేదు. నేను ముందుగదిలో ఉన్నాను. మీ పెద్దమ్మ వంటగది కిటికీలోంచి చూసి, పొయ్యి మీదది అలాగే వదిలేసి పరుగెత్తింది. వాడి ఎర్ర బంతి కొలనులో తేలుతోంది. వాడు కంచె పైన ఉన్నాడు. ఒక కాలు అప్పటికే అవతలికి దాటింది. ఆమె వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది. ఆ చొక్కా భుజం దగ్గర చిరిగింది. నేను వెళ్లేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. వాడు బంతి కోసం ఏడుస్తున్నాడు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

అప్పుడు చూశాను. మొదటి పట్టీ మీద బురదలో ఐదు కాలివేళ్ల గుర్తులు, శనగగింజలంత. రెండో పట్టీ మీద మళ్లీ ఐదు, కాస్త మసకగా. మూడో దాని మీద ఏమీ లేదు, అక్కడికి వచ్చేసరికి బురద అయిపోయింది. ఆ రాత్రే దీపం పెట్టుకుని పట్టీలు విప్పడం మొదలుపెట్టాను. అన్నీ కొలను వైపుకు మార్చడానికి రెండు రోజులు పట్టింది. పాత మేకుల రంధ్రాలు మాత్రం పూడ్చలేదు. ఈనాటికీ అటు వెళ్లినప్పుడు వాటి మీద చెయ్యి వేస్తాను.

అందుకని అడ్డపట్టీ ఏదైనా సరే, చెక్కదైనా ఇనుపదైనా, కొలను వైపే ఉండాలి. పైదానికీ కిందిదానికీ మధ్య 45 అంగుళాలైనా ఎడం ఉంచు. వల కాకుండా నిలువు కమ్ములు వేస్తే, అంత ఎడం కుదరనప్పుడు వాటి మధ్య సందు 1¾ అంగుళాలు దాటకూడదు. కంచె బయట మూడడుగుల మేర కుర్చీ, పూలకుండీ, బోర్లించిన బకెట్టు, చెట్టుకొమ్మ ఏదీ ఉండకూడదు. కొలనులో బొమ్మ మిగిలితే సాయంత్రమే తీసేయి. మన పిల్లవాడిని ఎక్కించింది ఆ బంతే.

ఇక గేటు. వల చవకది కొన్నా పరవాలేదు, గేటు బందుల దగ్గరా గడియ దగ్గరా మాత్రం చెయ్యి వెనక్కి లాగకు. గేటు కొలను వైపు కాకుండా బయటికే తెరుచుకోవాలి, వదిలితే దానంతట అదే మూసుకోవాలి, గడియ దానంతట అదే పడాలి. గడియ నేలకు 54 అంగుళాల ఎత్తున ఉండాలి. నాలుగడుగుల కంచె చాలని చాలామంది అంటారు, నేను మాత్రం ఐదడుగులు వెయ్యమంటాను, గడియను అంత ఎత్తున పెట్టాలి కదా. సామాను మోసే రోజున ఇటుక అడ్డం పెట్టి గేటు తెరిచి ఉంచకు. అల్లుడుగారికి కూడా నా మాటగా చెప్పు.

కోప్పడుతున్నానని అనుకోకు అమ్మా. నువ్వు సుత్తి పడుతున్నావంటే నాకు పదిమందికి చెప్పుకోవాలని ఉంది. పాప ఒడ్డున ఉన్నప్పుడు మాత్రం కంచె ఉందిలే అని కళ్లు తిప్పుకోకు.

గేటు బిగించిన రోజు నాకు ఫోను చెయ్యి. గేటును బారుగా తెరిచి ఒకసారి, జానెడు తెరిచి ఒకసారి వదిలిపెట్టు. రెండుసార్లూ గడియ పడిన చప్పుడు నాకు వినిపించాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న