మందు వేస్తే పోయిన తెల్ల చుక్కలు మళ్లీ వచ్చాయి, ఎందుకు?

ప్రశ్న: అక్వేరియంలోని గప్పీ, మోలీ చేపల ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు వచ్చాయి. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. వైట్ స్పాట్ మందు రెండు రోజులు వేస్తే తగ్గింది. వారంలోపే అంతకంటే ఎక్కువగా వచ్చాయి. మందు మార్చాలా?

జవాబు: మార్చాల్సిన పనిలేదు. మందు మధ్యలో ఆపడం వల్లే ఇలా జరిగింది. ఇది 'ఇక్' అనే ఏకకణ పరాన్నజీవి తెచ్చే తెల్లచుక్కల వ్యాధి. ఆ జీవి చేప చర్మం కింద దూరి పెరుగుతుంది. అక్కడున్నంత కాలం నీటిలో వేసిన మందు దాన్ని ఏమీ చేయలేదు. ఎదిగాక రాలి, తొట్టె అడుగున గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. అంటే చుక్కలు మాయమైనప్పుడే అది తొట్టెలో పెరిగిపోతోందన్నమాట. ఆ పిల్లలు మరో చేపను వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజుల్లోనే మందుకు చస్తాయి. అన్నీ ఒకేసారి బయటికి రావు కాబట్టి చికిత్స కొనసాగాల్సిందే.

గప్పీ, మోలీలు ఉప్పును, వేడిని బాగా తట్టుకుంటాయి. అందుకే ముందు ఆ దారే ప్రయత్నించండి. హీటర్‌తో రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచి 30 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, కనీసం 10 రోజులు ఉంచండి. లీటరుకు 2 గ్రాముల అయోడిన్ లేని ఉప్పును విడిగా కరిగించి, రోజంతా కొద్దికొద్దిగా పోయండి. వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ పంపు ఆపకండి. రోజు విడిచి రోజు అడుగు నుంచి పావు వంతు నీరు సైఫన్‌తో తీసి, కొత్తగా పోసే నీటికి సరిపడా ఉప్పే కలపండి. మొక్కలుంటే ముందే తీసేయండి, ఉప్పుకు పాడవుతాయి.

గోల్డ్‌ఫిష్‌కు ఇంత వేడి మంచిది కాదు. పొలుసుల్లేని చేపలకు మందు మోతాదు తగ్గించాలి. మందు వాడితే ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయండి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది.

చుక్కలు లేకుండా బంగారు పొడి చల్లినట్టుంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి జబ్బు. చుక్కలే లేకుండా రుద్దుకుంటూ, నీటి పైకొచ్చి ఆయాసపడుతుంటే మొప్పల పురుగులను అనుమానించాలి, వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు వాడతారు. అయితే నీటిలో అమ్మోనియా పెరిగినా ఇలాగే ఉంటుంది, ముందు నీటిని పరీక్షించండి.

కొత్త చేపలను మూడు నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచాకే కలపండి. జబ్బు తొట్టెలో వాడిన వలను పూర్తిగా ఎండబెట్టకుండా ఇంకో తొట్టెలో ముంచకండి.