బాత్రూంలో కరెంటు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఇళ్ల వైరింగు తనిఖీ చేయడమే 28 ఏళ్లు నా ఉద్యోగం. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా బాత్రూం గురించే వచ్చాయి. పిల్లలు వేరే దేశాల్లో ఉన్నవాళ్లు రాసినవే ఎక్కువ. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబు రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో ఉంటోంది. బాత్రూంలో ఒక్క ప్లగ్ పాయింటు కూడా లేదట. లైటుకి స్విచ్ లేదు, పైనుంచి తాడు వేలాడుతోందట. అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో మాత్రం వాష్ బేసిన్ పక్కనే సాకెట్ ఉంది. ఎవరి ఇల్లు తప్పు మేడం?

ఇద్దరిదీ తప్పు కాదమ్మా. ఒకే భయానికి రెండు దేశాలు రెండు దారులు పట్టాయి.

బ్రిటన్‌ది దూరం పెట్టే పద్ధతి. తడి చెయ్యి ఎక్కడికి చేరుతుందో అక్కడ మామూలు సాకెట్ ఉండకూడదు. స్నానపు తొట్టి, షవర్ ఉండే హద్దు నుంచి 3 మీటర్ల లోపల పెట్టొద్దని వాళ్ల వైరింగు నియమాలు చాలాకాలం చెప్పాయి. 2022 సవరణలో దాన్ని రెండున్నర మీటర్లు చేశారు. మామూలు ఇళ్ల బాత్రూంలో అంత జాగా ఎక్కడుంటుంది? అందుకే సాకెట్ కనబడదు. ఆ తాడూ అందుకే. స్విచ్ పైకప్పుకి ఉంటుంది, తడి చేతికి తగిలేది తాడు మాత్రమే.

అమెరికాలో బేసిన్ అంచు నుంచి 3 అడుగుల లోపు కనీసం ఒక సాకెట్ పెట్టి తీరాలని నియమం. అది లేకపోతే హెయిర్ డ్రైయర్ కోసం పక్క గదిలోంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాక్కొస్తారు. అది ఇంకా ప్రమాదం. అయితే ఆ సాకెట్ మామూలుది కాదు. దాని మీద రెండు చిన్న బటన్లు ఉంటాయి, ఒకటి టెస్ట్, ఒకటి రీసెట్. లోపలున్న పరికరం పేరు జీఎఫ్‌సీఐ. దారి తప్పిన కరెంటు 6 మిల్లీ ఆంపియర్లకు చేరితే చాలు, సరఫరా తెంచేస్తుంది. బాత్రూం సాకెట్లకు ఈ రక్షణ 1975 నుంచి అక్కడ తప్పనిసరి. తొట్టి దగ్గర మాత్రం వాళ్లూ జాగ్రత్తే. తొట్టికి 3 అడుగుల లోపు సాకెట్ వద్దని వాళ్ల వైరింగు నియమాల 2020 కూర్పులో చేర్చారు, మరీ చిన్న బాత్రూంలకు కొంత మినహాయింపుతో.

ఈ పరికరం వెనక బర్కిలీలో పాఠాలు చెప్పిన చార్లెస్ డాల్జియల్ అనే ప్రొఫెసర్ శ్రమ ఉంది. చేతిలో తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు దాకా తనంతట తాను వదిలేయగలడని ఆయన స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల మీద కొలిచారు. సగటున మగవాళ్లకు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. అది దాటితే కండరాలు బిగుసుకుపోతాయి, వదలాలన్నా చెయ్యి రాదు. 1961లో ఆయన జీఎఫ్‌సీఐ కనిపెట్టారు. ఈ పని మీద నాకు ఎంతో గౌరవం. ఎన్ని ప్రాణాలు నిలిపిందో!

ఇంగ్లండ్ బాత్రూంలో "షేవర్లకు మాత్రమే" అని రాసిన చిన్న సాకెట్ ఉంటుందటగా? అందులో హెయిర్ డ్రైయర్ పెట్టుకోవచ్చా?

వద్దు. ఆ సాకెట్ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. బయటి లైనుకీ దీనికీ తీగల సంబంధం ఉండదు, దీనికి భూమితోనూ సంబంధం ఉండదు. కాబట్టి ఒక్క తీగను తడి చేత్తో ముట్టుకున్నా కరెంటు మీ ఒంట్లోంచి భూమికి వెళ్లి తిరిగి చేరే దారి లేదు. అందుకే దాన్ని బేసిన్ దగ్గర అనుమతించారు. కానీ అది ఇవ్వగలిగేది షేవరుకి, టూత్‌బ్రష్ చార్జరుకి సరిపోయే కొన్ని పదుల వాట్లు. హెయిర్ డ్రైయర్ వేయికి పైగా అడుగుతుంది. డ్రైయర్ పడకగదిలోనే వాడమనండి.

మా ఇంట్లో మంచి ఎంసీబీలు (కరెంటు మరీ ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు) పెట్టించాం. షాక్ కొడితే అవే పడిపోతాయి కదా?

పడిపోవండీ. ఈ ఒక్క అపోహ పోతే చాలని ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాను.

లెక్క చూడండి. ఒళ్లు తడిగా ఉంటే మనిషి నిరోధం సుమారు వేయి ఓమ్‌లకు పడిపోతుంది. 230 వోల్టుల తీగ తగిలితే ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు, ఒకటి రెండు సెకన్లు ఉన్నా చాలు. మీ 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16,000 మిల్లీ ఆంపియర్లు దాటాలి. మనిషి ప్రాణం పోతున్నా దానికి ఓ చిన్న బల్బు వెలిగినట్టే అనిపిస్తుంది. అది కాపాడేది వైర్లను, మనుషుల్ని కాదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని పని చాలా సులువు. ఇంట్లోకి వెళ్లే ఫేజ్, తిరిగొచ్చే న్యూట్రల్ రెండూ ఒక ఇనుప రింగులోంచి పోతాయి. వెళ్లింది వెళ్లినట్టు తిరిగొస్తే రింగులో ఏమీ జరగదు. 30 మిల్లీ ఆంపియర్లు ఎక్కడో గోడలోకో, మీ కాళ్లలోంచి నేలలోకో పోయాయనుకోండి, లెక్క తేడా వస్తుంది, ఆ తేడాకి మీట టక్కున పడుతుంది. 30 దగ్గర 0.3 సెకన్ల లోపు, దానికి ఐదు రెట్లు లీకైతే 0.04 సెకన్ల లోపు. షాక్ తగలదని కాదు, తగిలిన క్షణంలోనే ఆగిపోతుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లిందీ వచ్చిందీ సమానమే, ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. అది ఉంది కదా అని మూత తెరిచి చేతులు పెట్టకండి.

ఉద్యోగం మీద జర్మనీ వెళ్తున్నాం. అక్కడ బాత్రూంలో వాషింగ్ మెషిన్ పెడతారట. భయం వేస్తోంది.

టెన్షన్ వద్దు, పెట్టొచ్చు. అక్కడ బాత్రూంని మండలాలుగా చూస్తారు. తొట్టి లోపల సున్నా మండలం, దాని పైన, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకూ ఒకటో మండలం, పక్కకి 60 సెంటీమీటర్ల వరకూ రెండో మండలం. ఆ 60 దాటాక సాకెట్ ఉండొచ్చు, కాకపోతే పైన చెప్పిన ఆర్‌సీసీబీ లాంటి 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండి తీరాలి. ఫ్రాన్స్‌లోనూ ఇంతే దూరం. పాత ఇల్లు అద్దెకు తీసుకుంటే మాత్రం ఫ్యూజు పెట్టె తెరిచి టెస్ట్ బటన్ ఉన్న మీట ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంటి యజమానిని అడగండి, మొహమాటపడొద్దు.

అమెరికాలో కొన్న హెయిర్ డ్రైయర్ తెచ్చుకున్నాను. కన్వర్టర్ పిన్ పెడితే 230 వోల్టుల్లో పని చేస్తుందా?

ఆ పిన్ మార్చేది ప్లగ్ ఆకారాన్నే, వోల్టేజీని కాదు. 120 వోల్టుల కాయిల్‌కి 230 ఇస్తే దాదాపు మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. కొన్ని సెకన్లలో పొగ వస్తుంది. డ్రైయర్ మీద "120/230" లాంటి రెండు అంకెలుండి, మార్చుకునే మీట ఉంటే తప్ప పెట్టకండి.

ఆ డ్రైయర్ ప్లగ్ చూశారా, అరచేతిలో సగం ఉంటుంది. స్విచ్ ఆపి ఉన్న డ్రైయర్ తొట్టిలో పడినా ప్రాణాలు పోయేవి. ప్లగ్ గోడలో ఉన్నంతసేపూ లోపలి తీగలో కరెంటు ఉంటుంది మరి. అందుకే 1991 నుంచి అక్కడి ప్రమాణం ప్రకారం, స్విచ్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా, నీళ్లలో పడగానే సరఫరా తెంచే రక్షణను అందులో పెడుతున్నారు.

గీజర్ వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే వేళ్లు చిమచిమలాడతాయి. ఇంట్లో అందరూ "కొంచెమే కదా" అంటున్నారు.

ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చేయాలనిపించింది, నెంబరు రాయలేదు మీరు. దయచేసి ఇప్పుడే ఆ గీజర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. బాగయ్యేదాకా వాడకండి.

ఇది నా సొంత ఇంట్లో జరిగింది. కొత్త గీజర్ బిగించి వెళ్లాక మూడో వారం, మా అత్తగారు "కుళాయి జివ్వుమంటోందే" అన్నారు. టెస్టర్ పెడితే కుళాయికి వెలిగింది. నా వృత్తే ఇది, అయినా కాళ్లు వణికాయి. మెయిన్ ఆపి గీజర్ కింది మూత విప్పాను. ఎర్త్ కోసం ఉండే పచ్చ వైరు చివర కత్తిరించి, వెనక్కి మడిచి, దాని చుట్టూ నల్ల టేపు చుట్టి ఉంది. ఎర్త్ బోల్టు కొత్తగా మెరుస్తోంది, దానికి ఒక్క తీగా తగిలించలేదు. బిగించడానికి వచ్చిన అతను వైరు పొడవు చాలక అలా వదిలేశాడు. అప్పటికి ఆ లైనుకి నేను ఆర్‌సీసీబీ పెట్టలేదు. ఆ తప్పు నాది. ఆ సాయంత్రమే పెట్టించాను.

జరిగేదేమిటంటే, గీజర్ లోపల కాయిల్ పైతొడుగు పగులుతుంది, కరెంటు నీళ్లలోకి, ట్యాంకుకి పాకుతుంది. ఎర్త్ ఉంటే అది భూమికి పోయి ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే కుళాయి దగ్గర మీ చెయ్యి కోసం ఎదురుచూస్తుంది. ఈరోజు చిమచిమే, రేపు పగులు పెద్దదైతే, మీరు తడి నేల మీద ఉత్త కాళ్లతో ఉంటే? ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు రెండు అడగండి: ఎర్త్ తీగ గీజర్ బాడీ నుంచి మెయిన్ బోర్డు దాకా తెగకుండా ఉందా, కాయిల్‌ని మెగ్గర్‌తో (తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరంతో) చూశారా. కొత్త కాయిల్ వేసి ఎర్త్ చూడకుండా వెళ్లిపోతే పని సగమే అయినట్టు.

తొట్టిలో పడుకుని ఫోన్ చార్జింగులో పెట్టి చూడొచ్చా? చార్జరు 5 వోల్టులే కదా!

చార్జరు బాగున్నంతవరకే 5 వోల్టులు. నాసిరకం చార్జరులో మెయిన్ కరెంటుని వేరుగా ఉంచే లోపలి అడ్డు పాడైతే ఫోన్ తీగలోకి మెయిన్ కరెంటే వస్తుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తొట్టి అంచున పెడితే అది జారిపడొచ్చు. ఇలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఫోన్ ముందే చార్జ్ చేసుకోండి, తీగ లేకుండా చూడండి.

బాత్రూంలో ఎవరికైనా షాక్ కొట్టి పడిపోతే ముందు ఏం చేయాలి?

ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఆపండి. అది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకి కూడా చూపించి ఉంచండి. కరెంటు పోయిందని తెలిశాకే తాకండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి సాయం వచ్చేదాకా ఆపకండి.

ఆర్‌సీసీబీ మీద "టి" బటన్ ఎప్పుడు నొక్కాలి? పదేళ్లుగా ఎప్పుడూ నొక్కలేదు.

ఈరోజు నొక్కండి. ఎంతకాలానికి ఒకసారి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో బోర్డు మీద ఆరు నెలలకోసారి అని రాస్తారు, అమెరికాలో తయారీదారులు నెలకోసారి అంటారు. నొక్కగానే మీట టక్కున పడాలి. పడకపోతే లోపల బిగుసుకుపోయిందన్నమాట, మార్పించండి. పడితే మళ్లీ పైకెత్తండి, బోర్డు తలుపు లోపల తేదీ రాసి పెట్టుకోండి.