ఏడవని బిడ్డను నిద్రలేపు

చిట్టితల్లీ,

కోర్సు అయిపోయిందనీ, ఇక అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళకు డౌలాగా వెళ్ళి బాలింతలకు తోడుంటానన్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నలుగురూ ఏమంటారోనని ఆవిడ దిగులు. నాకు మాత్రం నిన్ను చూస్తే గర్వంగా ఉంది. భయం కూడా ఉంది కానీ, అది నలుగురి గురించి కాదు.

నీకు తెలిసినవి మళ్ళీ చెప్పను. గాజులు తీసి, గోళ్ళు కత్తిరించుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని బిడ్డను ముట్టుకో. బొడ్డుకు ఏమీ రాయనివ్వకు, పొడిగా ఉంచితే దానంతటదే రాలిపోతుంది. మందులివ్వడం, కుట్లు విప్పడం నీ పని కాదు. పని గంటలూ డబ్బూ మొదటిరోజే మాట్లాడుకో, మొహమాటపడకు.

ఇంత ఉత్తరం రాస్తున్నది మన ఇళ్ళలో తరతరాలుగా జరుగుతున్న ఒక్క పొరపాటు కోసం. "మా బిడ్డ బంగారం, ఆకలేసినా ఏడవదు" అని అమ్మమ్మ మురిసిపోతుంటే నువ్వు మురిసిపోకు. మొదటి వారంలో ఏడవని బిడ్డే ప్రమాదంలో ఉండొచ్చు. పాలు చాలకపోతే ఒంట్లో సత్తువ తగ్గుతుంది. సత్తువ లేని బిడ్డ నిద్రపోతుంది. నిద్రపోయే బిడ్డ తాగదు, తాగకపోతే తల్లికి పాలు పడటం తగ్గిపోతుంది. పైగా పచ్చకామెర్ల పసుపు బిడ్డ ఒంట్లోంచి పోయేది ఎక్కువగా దొడ్డికి వెళ్ళినప్పుడే. పాలు పడక దొడ్డి తగ్గితే పసుపు పెరుగుతుంది, పసుపు పెరిగితే మగత ఇంకా ఎక్కువవుతుంది. ముహూర్తం చూసి 37 వారాలకే ఆపరేషన్ చేయించిన బిడ్డల్లో ఇది మరీ ఎక్కువ. బరువు బాగానే ఉంటుంది, చూడ్డానికి బొద్దుగా ఉంటారు, కానీ లేచి తాగాలన్న తెలివి ఇంకా రాదు.

అందుకే ఎవరి మాటా నమ్మకు, తడిసిన గుడ్డలు లెక్కపెట్టు. మొదటిరోజు ఒకటి, రెండోరోజు రెండు, మూడోరోజు మూడు, ఆరోరోజు నుంచి కనీసం ఆరు. డైపర్ వేస్తే తడి తెలీదు కాబట్టి మొదటి పదిరోజులూ పాత నూలు చీర గుడ్డలే వాడమని చెప్పు. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే తడికి ఒక గీత, దొడ్డికి ఒక చుక్క పెట్టించు. నల్లగా జిగురుగా వచ్చే దొడ్డి అయిదోరోజుకి ఆవపిండి రంగులోకి మారాలి. ఇంకా నల్లగానే ఉంటే పాలు లోపలికి వెళ్ళడం లేదు. మొదట్లో బరువు కొంచెం తగ్గడం మామూలే. కానీ మూడు కిలోల బిడ్డ 300 గ్రాములు తగ్గితే డాక్టరుకి చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి. ఆశా వర్కరు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, తన దగ్గర తూకం ఉంటుంది. ఆమెతో పోటీ పెట్టుకోకు, స్నేహం చేసుకో.

పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా మూడు గంటలకోసారి లేపాల్సిందే. చుట్టిన గుడ్డ విప్పు, తల్లి గుండెకి ఆనించి పడుకోబెట్టు, అరికాళ్ళు రుద్దు. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్ముకి తాకేలా పట్టిందా, గుటక వినిపిస్తోందా చూడు. బుగ్గలు సొట్టలు పడుతున్నా, తల్లికి నొప్పి పుడుతున్నా పట్టు సరిగా లేనట్టే, విడిపించి మళ్ళీ పట్టించు. ఆపరేషన్ అయిన తల్లికి కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద నుంచి పట్టించు. అప్పటికీ తాగలేకపోతే పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. ఎంత లేపినా లేవకపోయినా, పసుపు అరచేతులకూ అరికాళ్ళకూ దిగినా, జ్వరం 100.4 దాటినా, ఒళ్ళు చల్లబడినా ఇంట్లో ఒక్క గంట కూడా ఆగొద్దు. ఎండలో పడుకోబెడితే తగ్గుతుందని ఎవరన్నా ఒప్పుకోకు.

ఆ ఇంటి పెద్దావిడతో అన్నిటికీ వాదించకు. చెవుల్లో దూది పెట్టుకోనీ, బాలింతలకి చేసే కాయం లేహ్యం తిననీ, పాలసొర పిట్టు వండనీ, ఆవిడ ప్రేమ అదే. నాలుగు విషయాల్లో మాత్రం గట్టిగా నిలబడు: బాలింతకి నీళ్ళు తగ్గించడం, బిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయడం, తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేయడం, తేనె గానీ వస గానీ నాకించడం. మంచినీళ్ళు ఇవ్వనంటే జీలకర్ర వేసి కాచిన నీళ్ళు చెంబు నిండా పోసి, పాలిచ్చే ప్రతిసారీ తల్లి చేతికందించు. పథ్యం చెడదు, దాహమూ తీరుతుంది.

ఇల్లంతా బిడ్డ చుట్టూ ఉంటుంది. నువ్వు తల్లి దగ్గర కూర్చో. మూడో రోజు, నాలుగో రోజు కన్నీళ్ళు మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకు కునుకు పట్టకపోతే ఇంటివాళ్ళకి చెప్పి డాక్టరు దగ్గరకి పంపు, మనసు బాగోలేనివాళ్ళ కోసం ఉన్న ప్రభుత్వ నంబరు 14416కి ఫోన్ చేయించు. వరసగా రాత్రిళ్ళు నిద్రలేక పొంతనలేని మాటలు మాట్లాడుతుంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, దిష్టి అని తాత్సారం చేయనివ్వకు. ఒక గంటలోనే ఒక ప్యాడ్ పూర్తిగా తడిసినా, తలనొప్పి తగ్గక కళ్ళు మసకబారినా అంతే. కాన్పయి నెల దాటినా బీపీ ఎక్కొచ్చు.

ఇక నా భయం. గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళ నుంచి నిన్ను పిలుస్తారు, వెళ్తావు, వెళ్ళాలి కూడా. కానీ వరదల నెలల్లో ఇల్లు ఒప్పుకునేముందే కాజ్‌వే ఏది, పడవ ఎవరిది, రాత్రిపూట బండి ఎవరు తీస్తారు, అన్నీ అడిగి నీ పుస్తకంలో రాసుకో. కనకాయలంక లాంటి చోట కాజ్‌వే మునిగితే 108 గట్టు దాకానే వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే, నీళ్ళు ఇంటి దాకా రానక్కర్లేదు, తల్లినీ బిడ్డనీ అప్పుడే ఇవతలి ఒడ్డున బంధువుల ఇంటికి చేర్పించు. అమ్మమ్మ వద్దంటుంది, పురిటి స్నానం కాలేదంటుంది. అయినా కదిలించు.

నువ్వు కూడా సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే చివరి పంటు కోసం పరిగెత్తకు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని, మీ అమ్మకి ఓ మెసేజ్ పెట్టు. నాకూ పెట్టు, ఎంత రాత్రయినా చూస్తాను.

మీ పెద్దమ్మ