గుమ్మడికాయ బెల్లం కూరకు బెల్లం ఎప్పుడు వెయ్యాలంటే

అనంతపురం

పాపా,

గుమ్మడికాయ బెల్లం కూర ముద్దయిపోతోందని రాశావు. ఈ కూర చెడేది ఎక్కువగా బెల్లం దగ్గరే. బెల్లం గానీ చింతపండు గానీ ముందే పడితే ముక్క నడుమ బిరుసుగా ఉండిపోతుంది. దాన్ని మెత్తబరచాలని ఇంకా ఉడికిస్తూ కలుపుతూ ఉంటే మీదిది చితికిపోతుంది. కాబట్టి ముక్క ముక్కాలు వంతు ఉడికాకే తీపి, పులుపు వెయ్యి.

కాయ బాగా ముదిరింది తీసుకో. కోసి అమ్మేదైతే గింజల దగ్గర చూడు, నీరు కారుతుంటే వద్దు. అరకిలోకు బెల్లం 70 గ్రాములు, శెనక్కాయ విత్తనాలు రెండు గుప్పెళ్లు (60 గ్రాములు), గోలీకాయంత చింతపండు. చెక్కు తియ్యకుండా అంగుళం ముక్కలు కొయ్యి. చెక్కుంటేనే ముక్క నిలబడుతుంది.

విత్తనాలు సన్న సెగ మీద పది నిమిషాలు వేయించు. సెగ పెంచితే పొట్టు మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి ముందే ఏరెయ్యి, ఒక్క చేదు గింజ చాలు నోరు పాడవడానికి. ఆరాక పొట్టు నలిపి చెరిగి, సగం బద్దలుగా ఉంచి సగం కచ్చాపచ్చాగా దంచు. మిక్సీలో మెత్తగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

వెడల్పాటి స్టీలు బాణలి పెట్టు. మామూలు ఇనుప మూకుడైతే పులుపుకు కూర నల్లబడుతుంది. రెండు పెద్ద చెంచాల శెనక్కాయ నూనెలో ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువతో తిరగవాత పెట్టి ముక్కలు, పసుపు, పావు చెంచా ఉప్పు వెయ్యి. గుక్కెడు నీళ్లు చల్లి మూత పెట్టు, కాయే నీరు వదులుతుంది. ఆరేడు నిమిషాలకు కత్తి గుచ్చి చూడు. దిగుతూ కొంచెం పట్టినట్టు ఉండాలి.

అప్పుడు మూత తీసెయ్యి. బెల్లం మూడు చెంచాల వేడినీళ్లలో కరిగించి వడగట్టు, ఇసుక ఉంటుంది. అదీ చింతపండు రసమూ పోసి సెగ పెంచు. గరిటెతో తిప్పొద్దు, బాణలి పట్టుకుని కుదుపు. మొదట పెద్ద బుడగలు వస్తాయి, నీరు ఇంకేకొద్దీ చిన్నవై చిక్కబడతాయి. గరిటెతో గీత గీస్తే అడుగు ఒక్క క్షణం కనబడి మూసుకుంటుంది. అక్కడే దించెయ్యి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, మరీ ముదిరితే చిక్కీలా పళ్లకు అంటుకుంటుంది. అట్ల అయితే చెంచాడు వేడినీళ్లు చల్లు. మాడి చేదెక్కిందంటే మాత్రం మందు లేదు.

ముక్కలు ఉడికిపోయి పాకం ఇంకా నీళ్లగానే ఉంటే, ముక్కలు పక్కకు తీసి పాకం ఒక్కటే మరిగించి మళ్లీ వెయ్యి. ఉప్పు చివర్న సరిచూసుకో, కొన్ని బెల్లాలు వాటంతటవే ఉప్పగా ఉంటాయి.

దంచిన పొడి దించే ముందు చల్లు, మిగిలిన తడి పీల్చుకుని పాకాన్ని ముక్కకు అంటిస్తుంది. బద్దలు వడ్డించేటప్పుడే వెయ్యి, ముందే వేస్తే మెత్తబడి కరకర పోతుంది. వేడి జొన్నరొట్టెలోకి బాగుంటుంది. అన్నంలోకైతే ఇంకో మిరపకాయ ఎక్కువ వేసుకో.

మీ పెద్దమ్మ