నర్సు గురి ఎవరి మీద?

ప్రశ్న: నైట్ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర పట్టక ఫోన్‌లో ‘కాఫీ’ అనే పాత అమెరికన్ సినిమా చూశాను. అందులో కాఫీ అనే పేరున్న, నాలాంటి నర్సు, చెల్లెల్ని మత్తుమందుకు బానిసని చేసిన వాళ్లను వరసపెట్టి చంపుతుంది. ఇదంతా అతి కాదా? పగ తీరినా చివర్లో నాకు మనసు తేలికపడలేదు, ఎందుకండి?
– ఒక స్టాఫ్ నర్సు, అమలాపురం

జవాబు: అతేనమ్మా, కాదనను. మొదటి సీన్‌లోనే ఒకణ్ణి తుపాకీతో తల పేల్చేసి, రెండోవాడికి వాడి హెరాయిన్‌తోనే ప్రాణం తీసి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఆసుపత్రి డ్యూటీకి వెళ్లిపోతుంది. మీ ఆసుపత్రిలో అయితే ముందు రిజిస్టర్‌లో లేటు మార్కు పడేది.

నేను పాలకొల్లులో ఒక హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. ప్రొజెక్టర్‌కి వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసుకుంటూ కిటికీలోంచి తెర కంటే నేల టికెట్ జనాన్నే ఎక్కువ చూసేవాణ్ణి. పగ సినిమాకి ఈల ఎక్కడ పడుతుందో నాకు ముందే తెలిసిపోయేది. ఈ సినిమా మాత్రం మా హాలుకి రాలేదు, చాలా ఏళ్ల తర్వాత మనవడి లాప్‌టాప్‌లో చూశాను. ఈల పడాల్సిన చోట్లు బోలెడున్నాయి. జుట్టులో బ్లేడ్లు దాచుకుని కొట్లాటకు దిగే సీన్ చూశారుగా, అక్కడ నేల క్లాసు లేచి గంతులేసేది.

అయితే కింగ్ జార్జ్ అనేవాణ్ణి మెడకు తాడు కట్టి కారు వెనక ఈడ్చుకెళ్లే సీన్ ఉంది. అప్పటిదాకా రంగురంగుల సూటు వేసుకుని నవ్వు పుట్టించినవాడే. నల్లవాడి మెడకు తెల్లవాళ్ల ముఠా తాడు వేయడమంటే అమెరికాలో అది ఉత్త సినిమా సీన్ కాదు. అక్కడి నల్లవాళ్ల తాతముత్తాతలు కళ్లారా చూసిన చావు. ఈల వెయ్యడానికి నోట్లో వేళ్లు పెట్టుకున్నవాడు కూడా అక్కడ ఆగిపోతాడు.

ఇక మీ మనసు తేలికపడకపోవడానికి అసలు కారణం ఇదీ. మన దగ్గర శివారు తూముకి మురికినీళ్లొస్తే అక్కడ కాలవ నీళ్లు చూసే లస్కర్నే తిడతాం, పైన లాకుల దాకా వెళ్లి చూడం. ఈవిడ వెళ్తుంది. వీధిలో అమ్మేవాడి నుంచి కింగ్ జార్జ్, అతని నుంచి మాఫియా పెద్ద విట్రోని. లంచం ముట్టని కార్టర్ అనే పోలీసును మెదడు దెబ్బతినేలా కొట్టిస్తారు. తీరా పైకంటా వెళ్తే, అక్కడ ఉన్నది ఆవిడ నమ్మి ప్రేమించిన రాజకీయ నాయకుడే. మన జాతి, మన బాగు అని ఉపన్యాసాలిచ్చే మనిషి. చివర్లో వాడు తియ్యగా మాట్లాడి దాదాపు ఒప్పించేస్తాడు కూడా. లోపలి గదిలోంచి ఇంకొకామె బయటికి రావడంతో తుపాకీ పేలుతుంది. ఆ తర్వాత ఆవిడ సముద్రపు ఒడ్డున ఒక్కతే నడిచిపోతుంది. పోలీసు జీపు లేదు, కోర్టు లేదు, శభాష్ అనేవాడు లేడు. చెల్లెలు బాగుపడిందనీ చూపించరు. తేలికపడడానికి మీకేం మిగిల్చారు?

ఇందులో నాకు నచ్చనిదీ ఉంది. 1970ల్లో అమెరికాలో నల్లజాతి ప్రేక్షకుల కోసమని తక్కువ ఖర్చుతో ఇలాంటివి వరసగా తీశారు. డబ్బు పెట్టినవాళ్లు చాలామటుకు తెల్లవాళ్లే. దీన్ని రాసి తీసిన జాక్ హిల్ కూడా తెల్లాయనే. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ కంపెనీకి ‘క్లియోపాత్రా జోన్స్’ అనే సినిమా దక్కకుండా వార్నర్ బ్రదర్స్ కంపెనీ వాళ్లకి వెళ్లిపోతే, వాళ్లకంటే ముందు హాళ్లలో పడాలని 1973లో దీన్ని గబగబా చుట్టేశారు. ఆ తొందరలో హీరోయిన్ బట్టలు చింపే పని మాత్రం ఎక్కడా మర్చిపోలేదు. ఆ కెమెరా చూపు కక్కుర్తి చూపు. దాన్నీ తట్టుకుని నిలబడింది ఆ నర్సు వేషం వేసిన పామ్ గ్రియర్. అదే కంపెనీలో స్విచ్‌బోర్డు దగ్గర ఫోన్లు కలిపిన అమ్మాయండి ఆవిడ! హీరో పక్కన నిలబడే పాత్ర కాకుండా, కథనంతా తానే లాక్కుపోయే పాత్ర ఒక నల్లజాతి అమ్మాయికి దొరకడం అప్పటికి చాలా అరుదు.

ప్రశ్న: విజయశాంతి ‘ప్రతిఘటన’కి ఇలాంటి సినిమాలే మూలమా?
– రిటైర్డ్ మాస్టారు, నరసాపురం

జవాబు: అలా అనడానికి నాకు ఆధారమేమీ కనబడలేదండి మాస్టారూ. 1985లో ‘ప్రతిఘటన’ తీసిన టి. కృష్ణగారికి కోపం తెప్పించే రౌడీ రాజకీయాలు మన ఊళ్లలోనే కావలసినన్ని ఉన్నాయి. పోలిక మాత్రం ఉంది, రెండు చోట్లా ఆడమనిషి గురి రాజకీయం మీదే. తేడా ఏంటంటే, మన లెక్చరరమ్మ నిండు సభలో జనం ముందు గొడ్డలెత్తింది. ఆ నర్సు చేసింది జనమెవరూ చూడలేదు.

ప్రశ్న: పామ్ గ్రియర్‌వి ఇంకేం చూడొచ్చు గురువుగారూ?
– ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: 1974లో వచ్చిన ‘ఫాక్సీ బ్రౌన్’ కూడా జాక్ హిల్‌దే. ‘కాఫీ’కి రెండో భాగంగా మొదలెట్టి, మధ్యలో హీరోయిన్ పేరు మార్చేశారు. క్రూరత్వం ఎక్కువ, కథ తక్కువ. నన్నడిగితే దాన్ని వదిలేసి, క్వెంటిన్ టరాంటినో 1997లో తీసిన ‘జాకీ బ్రౌన్’ చూడు. అందులో ఆవిడ నడివయసు ఎయిర్‌హోస్టెస్. తుపాకీ కంటే బుర్రకే ఎక్కువ పని చెబుతుంది. పరీక్షలయ్యాకే చూడు, రెండున్నర గంటల సినిమా.