రెండు మీటర్ల డీఎన్ఏ చిక్కు ఎందుకు పడదు?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ బైపీసీ. మాది పుట్టపాక, మగ్గం నేసే ఇల్లు. మా అమ్మ చిలప విప్పేటప్పుడు ఒక్క పోగు జారితే సాలు, చిక్కు తీసుడుకే పూట గడుస్తది. మరి ఒక్కో కణంల రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటది అన్నరు మా లెక్చరర్, గంత పొడుగుది కంటికి కనపడని కేంద్రకంల చిక్కు పడకుండ ఎట్ల ఉంటది?

జవాబు: పడదని ఎవరన్నరు బిడ్డా, పడతది! కాకపోతే తీసేటోళ్లు గూడ లోపల్నే ఉన్నరు.

ముందుగాల ఒకటి, ఆ రెండు మీటర్లు ఒక్కటే పోగు కాదు, 46 క్రోమోజోములు అంటే 46 ముక్కలు, అన్నిట్ల పెద్దదాన్ని సాగదీసినా ఎనిమిదిన్నర సెంటీమీటర్లే, పైగా దేని జాగ దానిదే, అంచుల కాడనే కొంచెం కలుస్తయి. డీఎన్ఏది నెగటివ్ చార్జీ, హిస్టోన్ ప్రోటీన్లది పాజిటివ్, అందుకే ఎనిమిది హిస్టోన్ల గుంపు చుట్టూ 147 అక్షరాల (అంటే బేస్ జతల) డీఎన్ఏ రెండు చుట్లకు కొద్దిగ తక్కువ చుట్టుకుంటది. ఇదే న్యూక్లియోసోమ్, 1974ల రోజర్ కార్న్‌బర్గ్ అనే శాస్త్రవేత్త చెప్పిండు. మిగతాది మీ పుస్తకంలనే ఉంటది, చదువుకో.

అసలు లొల్లి కణం చీలే ముందు డీఎన్ఏను కాపీ చేసేటప్పుడు. ఒక్కో డీఎన్ఏల రెండు పోగులు పెనవేసుకొని ఉంటయి కదా, పదిన్నర అక్షరాలకు ఒక మెలిక, మన కణంల కాపీ సెకనుకు ఇంచుమించు 50 అక్షరాలు నడుస్తది, అంటే సెకనుకు ఐదు మెలికలు విప్పాలె, ఇక్కడ విప్పుతుంటే ముందర బిగుసుకుంట పోతది, వదిలేస్తే కాపీ ఆడికే ఆగిపోతది. అప్పుడు వచ్చేదే టోపోఐసోమరేజ్ ఎంజైము, మొదటిదాన్ని 1971ల జేమ్స్ వాంగ్ బ్యాక్టీరియాల కనిపెట్టిండు. అండ్ల రెండో రకం చేసే పని చూడు: డీఎన్ఏను రెండు పోగులూ కలిపి కోస్తది, కోసిన కొసలు రెండూ ఇడువకుండ తనకే అతికించుకొని పట్టుకుంటది, ఆ సందుల నుంచి ఇంకో డీఎన్ఏను అవతలికి దాటిస్తది, మళ్ల అతుకుతది, దీనికి ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి, ఖర్చు. మీ అమ్మ పోగు తెంపి అతికితే ముడి కనపడతది, ఇక్కడ ఒక్క అక్షరం గూడ పోదు. కణం చీలేటప్పుడు అయితే ఈ ఎంజైము లేకుంటే అయ్యేదే లేదు, జంట క్రోమోజోములు ఒకదాంట్ల ఒకటి ఇరికి ఉంటయి, విడదీసేది ఇదే.

మెడికల్ షాపుల దొరికే సిప్రోఫ్లాక్సాసిన్ గోలీ దెబ్బ కొట్టేది గూడ బ్యాక్టీరియాల ఈ రకం ఎంజైములనే, ముఖ్యంగ గైరేజ్ అనేదాన్ని. కోసిన తర్వాత అతకనీయకుండ పట్టేస్తది, డీఎన్ఏ తెగినకాడికి తెగి ఉండిపోతది, బ్యాక్టీరియా చస్తది. మన ఎంజైము నిర్మాణం వేరు, అందుకే అదే గోలీ మామూలు మోతాదుల మింగితే మనదాన్ని అంతగ పట్టదు.